ధార్వాడవారు విడిచిపోయిన పాక

రైలుబండి యీ సీమకు రాక పూర్వము, అనగా 1893 ప్రాంతము వరకు, రాజమహేంద్రవరమునుండి ఏలూరు మీదుగా బెజవాడ పోవలెనన్నవారికి కాలువమీది పడవ గొప్ప ఆధారము. ధాన్యపు బస్తాలు మోయు ఆ నీటిదారి వెంబడి వార్తలును వేడుకలును గూడ ఊరూర దిగుచుండెడివి. కొల్లేటి చుట్టుపట్ల పల్లెలవారికి ఆట యనగా అప్పటికి భాగవతము, తోలుబొమ్మలు, జంగము కథ, తెర యనగా ఇద్దరు పట్టుకొను బట్ట, దీపమనగా కాగడా, రంగస్థలమనగా గుడిముందరి నేల. టిక్కెట్టు కొని పాకలోనికి బోయి, చిత్రించిన తెర పైకి లేచుటకై వేచియుండుట వారెరుగని సంగతి.

ఆ క్రొత్త పద్ధతిని తెలుగుతీరమున నాటినవారు తెలుగువారు కారు. 1843లో సాంగ్లీయందు విష్ణుదాస్ భావే సీతాస్వయంవరమును ప్రదర్శించినది మొదలు పశ్చిమదేశమున నాటక మండలులు బయలుదేరి సంచారము సాగించినవి. ఆ గాలి సోకిన ధార్వాడ నాటక సమాజమువారు 1880 ప్రాంతమున మన సర్కారు జిల్లాలకు వచ్చి, పాకలు వేసి, హిందీ నాటకము లాడిరి. భాష తెలియకున్నను, తెరల రంగులును, వేషముల తళుకును, పాటల ఇంపును జూచి జనులు విరుగబడిరి. చూచి యింటికి మరలునపుడు మాత్రము, ఇది మన మాటలో నుండిన నెంత బాగుండునో యను కొరత కొందరి మనస్సులలో నిలిచిపోయినది.

ఆ కొరతను దీర్చినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ధార్వాడవారు రాజమహేంద్రవరము విడిచిపోయిన పిదప మిగిలిన పాకలోనే, తమ శిష్యులకు వేషములు గట్టించి, ఆయన తెలుగు నాటకము లాడించిరి. షేక్స్పియరు ప్రహసనమునకు అనుసరణమైన చమత్కార రత్నావళి వానిలో నొకటి. అంతకుముందు తెలుగున నాటకము లేకపోలేదు. కోరాడ రామచంద్రశాస్త్రిగారు 1860 నాటికే మంజరీ మధుకరీయమును రచించిరి. అయినను, పుస్తకమునందలి నాటకము జనుల కన్నులయెదుట నిలుచుటకు ఒక పాక కావలసివచ్చెను; ఆ పాకను వేసిపోయినవారు మన మాట రాని అతిథులు.

ఇట్టి కథ దక్షిణాఫ్రికాయందును జరిగినది. అచ్చట స్థిరపడిన డచ్చివారి పలుకు తరతరములుగా మారి మారి ఆఫ్రికాన్స్ అను వేరు భాష యయ్యెను. పొయ్యికాడి మాట యని చదువరులు చిన్నచూపు చూచిన ఆ భాషకు 1925లో గాని అధికారభాషాగౌరవము లభింపలేదు. ఆ సంవత్సరములలోనే హాలండునుండి వచ్చిన పాల్ డి గ్రూట్ అను నటుడు బృందమును గూర్చుకొని, ఊరూర తిరిగి, ఆఫ్రికాన్స్ నాటకము లాడెను; తరువాత ఆ రంగమున ప్రసిద్ధుడైన ఆంద్రే హ్యూగెనెట్ ఆ బృందమున తర్ఫీదు పొందినవాడే. అచ్చట వచ్చిన అతిథియే అచ్చటి మాట పట్టుకొనెను. ఇచ్చట అతిథి వెడలిపోగా ఇంటివారు తమ మాట పట్టుకొనిరి. దారులు వేరైనను రెండు చోట్లను జరిగిన మేలు ఒక్కటే: ఇంటి పలుకు వేదిక యెక్కినది.

ఎక్కిన పిదప దిగలేదు. భీమవరము చెంతనున్న యండగండిలో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును జంటగా రచించిన పాండవ నాటకముల పద్యములు, అక్షరము రాని రైతు నోటగూడ పొలముగట్లపై పలికినవి. ఏలూరున పెరిగి రంగస్థలమున పేరు గడించిన కన్నాంబ, 1935లో హరిశ్చంద్ర చలనచిత్రమున చంద్రమతిగా దేశమునకెల్ల పరిచితురాలయ్యెను. పురుషులే స్త్రీపాత్రలు ధరించు నాళ్లలో ఒక స్త్రీ ఆ వేదికమీద నిలిచి మెప్పించుట సామాన్యవిషయము కాదు.

పంతులుగారు జన్మించిన ఏప్రిల్ 16వ తేదీని నేడు తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. దండలు వేయుట మంచిదే. కాని నాటకమునకు కావలసినది ప్రేక్షకుడు. మీ యూరి జాతరలో పద్యనాటక మాడు రాత్రి మీ పిల్లలను వెంటబెట్టుకొని పొండు. మంగళము పాడువరకు కూర్చుండుడు. పరాయివారు వేసిన పాకలో మన పెద్దలు వెలిగించిన దీపము, మనము వేసిన పందిళ్లలో ఆరిపోగూడదు.