కరకరలాడు పండుగప్ప

కలకత్తావారు భేట్కీ యని మురిసిపోవు చేప మన పండుగప్పయే. ముల్లు తీసిన ముక్కలను అల్లము, ఉల్లి, పచ్చిమిర్చి రసములో నానవైచి, రొట్టెపొడి యద్ది వేయించుట వారి పద్ధతి. మేము తొలిసారి చేసినపుడు పొడి యంతయు మూకుటిలో తేలి, చేప దిగంబరముగా మిగిలినది! దోషము తడిది. అది ఆవిరియై పైపొరను నెట్టివేయును. కావున అరంగుళపు ముక్కలను బట్టతో నొత్తి, మైదా పలుచగా చల్లి, గిలకొట్టిన గ్రుడ్డులో ముంచి, పిదప పొడి యద్దవలెను. మైదా తడిని పీల్చును. గ్రుడ్డు వేడికి గట్టిపడి పొడిని పట్టియుంచును. నూనెలో వేసిన రొట్టెనలుసు తక్షణమే బుసబుస పొంగవలెను. అది సుమారు 180 డిగ్రీల వేడి. వేడి చాలనిచో ముక్క నూనె త్రాగును. ప్రక్కకు 3 నిమిషములు చాలును. దించినవానిని పళ్లెములో పేర్చక జల్లెడపై నుంచుడు. క్రింద ఆవిరి చేరిన కరకర పోవును. నంజుటకు ఆవపచ్చడి.