పాలిమర్ పొరల జలవికర్షణ: నెల్లూరు తీరానికి తగిన రసాయన మార్గాలు

నెల్లూరు తీరంలో ఉప్పుమడులు, రొయ్యల చెరువులు విస్తారంగా ఉన్నాయి. ఉప్పు రాశులపై కప్పే పట్టాల్లోనూ, చెరువు అడుగున పరిచే షీట్లలోనూ పాలిథిలీన్ వాడుక ఎక్కువ. పాలిథిలీన్ నీటిని దాదాపుగా పీల్చదు. అయినా దానిపై పడిన బొట్టు జారిపోక అంటిపెట్టుకొని ఉంటుంది. పీల్చకపోవడం వేరు, వికర్షించడం వేరు.

వికర్షణకు కొలమానం స్పర్శకోణం. తలానికీ, దానిపై నిలిచిన నీటిబొట్టు అంచుకూ మధ్య ఏర్పడే ఈ కోణం 90 డిగ్రీలు దాటితే ఆ తలం జలవికర్షకం. 150 డిగ్రీలు దాటి, స్వల్ప వాలుకే బొట్టు దొర్లిపోతే అతిజలవికర్షకం. నునుపైన పాలిథిలీన్‌పై ఇది సుమారు 95 నుంచి 100 డిగ్రీలు మాత్రమే.

రసాయన చర్యతో ఉపరితల శక్తిని తగ్గించి ఈ కోణాన్ని పెంచవచ్చు. పాలిథిలీన్ శృంఖలాల్లో చర్యాశీల సమూహాలు లేవు కనుక ముందుగా ఆక్సిజన్ ప్లాస్మాతో హైడ్రాక్సిల్ సమూహాలను కల్పించి, వాటికి పొడవైన ఆల్కైల్ గొలుసులు గల సైలేన్లను బంధిస్తారు. అయితే ఈ మార్గానికి హద్దు ఉంది. అత్యల్ప ఉపరితల శక్తి గల ఫ్లోరిన్ పూత సైతం నునుపు తలంపై స్పర్శకోణాన్ని సుమారు 120 డిగ్రీలు దాటించలేదు. ఆపైన గరుకుదనం అవసరం. కాసీ, బాక్స్‌టర్ 1944లో వివరించినట్లు, గరుకుల మధ్య చిక్కిన గాలి బొట్టును పైకెత్తి నిలుపుతుంది. తామరాకుపై మైనమూ సూక్ష్మమైన బొడిపెలూ కలిసి చేసే పని ఇదే. 2003లో ఎర్బిల్ బృందం పాలీప్రొపిలీన్‌ను ద్రావణిలో కరిగించి, దానిని కరిగించని మరో ద్రవాన్ని చేర్చి ఆరబెట్టి, ఫ్లోరిన్ లేకుండానే 160 డిగ్రీల కోణాన్ని సాధించింది.

తీరప్రాంతంలో ఈ ఫలితాలకు మూడు పరీక్షలు ఎదురవుతాయి. మొదటిది ఉప్పుగాలి. సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ గాలిలోని తేమను గ్రహించి ద్రవమవుతుంది; అందువల్ల ఉప్పు పేరుకున్న గరుకుతలం క్రమంగా తడిసే తలంగా మారుతుంది. రెండవది నీటిమునక. చెరువు అడుగున ఒత్తిడికి చిక్కిన గాలి నీటిలో కరిగిపోతుంది. కనుక అతిజలవికర్షణ పట్టాలకు ఉపకరించినంతగా చెరువు షీట్లకు ఉపకరించదు. మూడవది పూత భద్రత. కొన్ని ఫ్లోరిన్ పూతలతో ముడిపడిన పెర్‌ఫ్లోరో ఆక్టనోయిక్ ఆమ్లం ప్రకృతిలో విచ్ఛిన్నం కాదు. 2019లో అది స్టాక్‌హోం ఒప్పందపు నిర్మూలన జాబితాలో చేరింది. ఇక్కడ వానకు కొట్టుకుపోయిన పూత రొయ్యల చెరువుకో, ఉప్పుమడికో చేరే అవకాశం ఉంది.

కాబట్టి ఈ తీరానికి ఫ్లోరిన్ రహిత సైలేన్, పాలీప్రొపిలీన్ మార్గాలే మేలు. వాటి యోగ్యతను తాజా పూతపై కొలిచిన కోణంతో సరిపెట్టక, ఉప్పుతుంపర, ఎండ సోకిన తరువాత మిగిలిన కోణంతోనూ, నీటిలోకి విడుదలైన పదార్థంతోనూ నిర్ణయించవలసి ఉంటుంది.