పిస్టను పిన్నుకు ఏ ఉక్కు?

సింధనూరు కాలువ చివరి భూములలో నాట్ల కాలమంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఒక ఏడు సరిగ్గా ఆ రోజులలోనే, వాగు నీరు తోడే మా బావగారి ఆయిలింజను టక్కున ఆగిపోయింది. విప్పి చూస్తే పిస్టను పిన్ను రెండు ముక్కలు. అసలు పిన్ను దొరకక, ఒక లేతు షాపులో గట్టి ఉక్కు కడ్డీని చెక్కించి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి బిగించినది అది.

"ఆకురాయి కూడా ఎక్కలేదు. అంత గట్టి సరుకు ఎట్లా విరిగిందోయ్?" అన్నారు బావగారు.

అంత గట్టిది కాబట్టే విరిగింది. పిన్నుకు రెండు బాధలు. బుష్షులో ఊగి ఊగి పైభాగం అరుగుతుంది. పేలుడు దెబ్బకు నడుము వంగజూస్తుంది. అరుగుదలకు ఓర్చే ఉక్కు పెళుసు, దెబ్బకు ఓర్చేది మెత్తన.

విమానాల తొలినాళ్ళలో ఈ చిక్కు ప్రాణాల మీదికి వచ్చేది. 1903లో రైటు సోదరులకు ఛార్లెస్ టైలర్ చేసి ఇచ్చిన ఇంజను 12 గుర్రాల శక్తిది. 1917 నాటి లిబర్టీ ఇంజను 400 గుర్రాలది. నిమిషానికి సుమారు 1,700 చుట్లు. అంటే ప్రతి పిస్టనూ నిమిషంలో 3,400 సార్లు ఆగి వెనుదిరగాలి. పైగా బరువు తగ్గాలని పిన్నును వెదురుబొంగువలె గుల్లగా చేస్తారు. అది విరిగితే, మా బావగారివలె గట్టున నిలబడి తల గోక్కునే వీలు పైలటుకు లేదు.

అందుకని వారు మెత్తని ఉక్కునే ఎంచుకున్నారు. కర్బనం నూటికి 0.15 పాలు, నికెలు 3 మొదలు 5 పాళ్ళు. చెక్కిన పిన్నును బొగ్గుపొడి, ఎముకల పొడి నింపిన ఇనుప పెట్టెలో పెట్టి, మూతికి బంకమన్ను మెత్తి, సుమారు 900 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచుతారు. కర్బనం సుమారు ఒక మిల్లీమీటరు లోతుకు దిగుతుంది. తరువాత కాచి ముంచితే పైపొర గాజువలె కఠినం. లోపల మాత్రం వంగే గుణం పోదు. ఆ లోపలి బలమే నికెలు చేసే మేలు.

ఇందులో మనకూ కొంత చుట్టరికమున్నది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కాచిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనేవారు. కన్నడంలోనూ తెలుగులోనూ ఒకటే అయిన మన "ఉక్కు" మాటే దొరల నోట "వూట్జు" అయిందంటారు. 1820 ప్రాంతంలో మైకేల్ ఫెరడే ఆ వూట్జు గుట్టు వెదుకుతూనే ఇనుములో నికెలు, వెండి, ప్లాటినం కలిపి చూశాడు. అయితే వూట్జులో కర్బనం నూటికి ఒకటిన్నర పాలు. కత్తికి దివ్యమైన ఉక్కే. పిన్నుకు పెడితే మళ్ళీ బావగారి కథే.

కడకు రాయచూరు నుంచి అసలు పిన్ను వచ్చేసరికి నాలుగు రోజులు గడిచి నారు ముదిరింది. ఆ ముక్కలు ఇప్పటికీ బావగారి గూటిలో ఉన్నాయి. విరిగిన చోట అంచు నుంచి నడిమి దాకా ఒకటే గరుకు.