కాంగేర్ లోయకు వెళ్లే ముందు

భిలాయి, దుర్గ్ వాసులకు రోడ్డు మార్గాన చేరదగిన దట్టమైన అడవుల్లో బస్తర్‌లోని కాంగేర్ లోయ ముఖ్యమైనది. ధమ్తరీ, కాంకేర్ దాటి, కేశ్‌కాల్ కనుమ ఎక్కి, కొండగావ్ మీదుగా జగ్దల్‌పూర్ చేరాలి. అక్కడికి లోయ సుమారు 30 కిలోమీటర్లు. ఇదే 30వ నంబరు జాతీయ రహదారి ఇంకా దక్షిణానికి సాగి భద్రాచలం మీదుగా విజయవాడ సమీపానికి చేరుతుంది. భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ విధంగా ఇది స్వస్థలం వైపు వెళ్లే దారి కూడా.

సుమారు 200 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో దీనికి చోటు లభించింది. తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్లు కూడా అదే విడతలో ఆ జాబితాకెక్కాయి.

ప్రయాణ ప్రచారాల్లో దీనిని వర్షారణ్యమని పేర్కొనడం తరచు కనిపిస్తుంది. ఆ మాట సరికాదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఉష్ణమండల వర్షారణ్యాలు మన దేశంలో పశ్చిమ కనుమలు, ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నాయి. కాంగేర్ ప్రధానంగా తేమతో కూడిన ఆకురాల్చు అడవి. సాల వృక్షం (గుగ్గిలం), టేకు కలిసి పెరిగే చోటు. ఇది కేవలం మాటల పట్టింపు కాదు. వేసవిలో ఇక్కడ వాగులు సన్నగిల్లుతాయి, రాలిన ఆకులకు నిప్పంటుకునే ప్రమాదం ఉంటుంది. వానాకాలంలో అవే వాగులు ఉధృతంగా ప్రవహిస్తాయి. కాబట్టి యాత్రకు అనువైన కాలం ప్రధానంగా శీతకాలమే.

యాత్రికులను ఎక్కువగా ఆకర్షించేది కోటంసర్ గుహ. గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించిన వాన నీరు సున్నపురాతిని కరిగిస్తూ ఈ గుహను తొలిచింది. పైకప్పు నుంచి జారే చుక్కలు వదిలిన సున్నం పేరుకొని స్తంభాలుగా మారింది. ఒక్కొక్కటి ఏర్పడడానికి వేల సంవత్సరాలు పడుతుంది; విరగ్గొట్టడానికి క్షణం చాలు. తాకినా చేతి జిడ్డు అంటి ఆ పెరుగుదల కుంటుపడుతుంది. లోపలి నీటిలో దాదాపు చూపు లేని చిన్న చేపలు జీవిస్తున్నాయి. శాశ్వత చీకటిలో కళ్లతో పని లేక అవి క్షీణించాయి. ఇరుకైన ద్వారం గుండా, గైడ్ వెంట మాత్రమే లోపలికి వెళ్లాలి. వానాకాలంలో గుహలోకి నీరు చేరుతుంది కనుక అటవీ శాఖ దానిని మూసివేస్తుంది. ఉబ్బసం, హృద్రోగం ఉన్నవారు తేమ, గాలి తక్కువైన ఆ లోతులకు దిగకపోవడమే మంచిది.

తీరథ్‌గఢ్ జలపాతం సంగతి వేరు. మెట్లు మెట్లుగా దూకే ఆ నీటి పక్కన రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి. స్వీయచిత్రాల సరదా అక్కడ మానుకోవాలి.

ఉద్యానం అంచున ఉన్న ధుడ్‌మారస్ గ్రామంలో ధుర్వా గిరిజన యువకులు వెదురు తెప్పలు, కయాక్ పడవలు నడుపుతున్నారు. వారి ధుర్వా భాష తెలుగు వలెనే ద్రావిడ కుటుంబానికి చెందినది. ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 2024లో అభివృద్ధి కార్యక్రమానికి ఎంపిక చేసిన 20 గ్రామాలలో ఇదొకటి. ఆదాయం ఊళ్లోనే మిగలడం ఈ ఏర్పాటులోని మేలు. కాంగేర్ నీరు శబరిలో కలుస్తుంది, ఆ శబరి కూనవరం వద్ద గోదావరిలో చేరుతుంది.

ఆ గోదావరి మీదే 2019 సెప్టెంబర్ 15న, పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద మునిగి దాదాపు 50 మంది మరణించారు. నది అప్పుడు వరద ప్రవాహంతో ఉంది. చిన్న నది, చిన్న తెప్ప అయినంత మాత్రాన నియమం మారదు: ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ ధరించాలి, నడిపేవారు వద్దంటే తెప్ప ఎక్కకూడదు. డబ్బు చెల్లించాం కదా అని వాదించేవారు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు.

లోయలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. వెళ్లే దారిని, తిరిగి వచ్చే సమయాన్ని ముందే ఇంట్లో చెప్పి ఉంచాలి. బస్తర్ మలేరియా ప్రభావిత ప్రాంతం. ప్రమాదకరమైన ఫాల్సిపేరం రకం జ్వరం దోమ కుట్టిన వారం, రెండు వారాల తరువాత, అంటే ప్రయాణికుడు ఇల్లు చేరిన తరువాతే తరచు బయటపడుతుంది. తిరిగి వచ్చిన నెల రోజుల్లోపు జ్వరం వస్తే బస్తర్ వెళ్లిన సంగతి వైద్యునికి చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి.