క్రొత్త పనిముట్టు – పాత చిరునామా

గ్రంథాలయమునకు క్రొత్త అధికారి వచ్చి, పుస్తకములను చక్కగా సర్ది, వాని సంఖ్యలను మాత్రము మార్చెననుకొనుఁడు. పుస్తకములున్నను మనకు దొరకవు. వెబ్‌సైట్లను నిర్మించు పనిముట్ల విషయమునను ఇట్టి చిక్కు గలదు.

2008లో వెలువడిన జెకిల్ అను పనిముట్టు సాదా ఫైళ్లను గైకొని, పాఠకుఁడు కోరకముందే పుటలనన్నింటిని సిద్ధపఱచి యుంచును. దాని నియమములు స్థిరపడినవి: వ్యాసపు ఫైలు పేరునకు ముందు తేదీ యుండవలెను, ఫైలు మొదట, మూఁడేసి గీతలుగల రెండు పంక్తుల నడుమ, శీర్షిక మొదలగు వివరములుండవలెను. 2018లో వచ్చిన ఎలెవెంటీ ఈ రెంటిని గ్రహించును. జెకిల్ మూసలు వ్రాయఁబడు లిక్విడ్ భాషను చదువును.

అయినను పోలిక వేఱు, ఏకత్వము వేఱు. జెకిల్ వ్యాసముయొక్క చిరునామాలో సంవత్సరమును, మాసమును, దినమును చేర్చును. ఎలెవెంటీ తనంతఁ దాను చేర్చదు. పుట యున్నను, పాత చిరునామాతో వచ్చినవానికి లేదను జవాబే దొరకును. ఈ దోషము నిర్మాతకుఁ గనఁబడదు, పాఠకునికే కనఁబడును.

నివారణోపాయము సులభము. పెర్మాలింక్ అను వివరమును రెండు పనిముట్లును గౌరవించును. కావున ప్రతి ఫైలు మొదటను పాత చిరునామానే వ్రాసి, మార్పునకు ముందున్న పుటల పట్టికను తరువాతి పట్టికతో సరిపోల్చవలెను. క్రొత్త పనిముట్టు పాత ఫైళ్లను చదివినంతమాత్రమునఁ బని ముగియదు. పాత పాఠకుఁడు దారి తప్పక వచ్చి చేరిననే ముగిసినట్లు.