లినక్స్ డెస్క్‌టాప్‌లో మానిటర్ రిఫ్రెష్ రేటు సమస్యను గుర్తించడం

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు రిఫ్రెష్ రేటు అంటే ఏమిటో వివరించగలుగుతారు. కావలసిన రేటు సెట్టింగ్స్‌లో కనిపించనప్పుడు లోపం ఎక్కడుందో వరుసగా పరిశీలించి గుర్తించగలుగుతారు.

1. రిఫ్రెష్ రేటు

మానిటర్ తెరపై బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా చూపుతుందో తెలిపే సంఖ్యను రిఫ్రెష్ రేటు అంటారు. దీని ప్రమాణం హెర్ట్జ్. 60 హెర్ట్జ్ వద్ద ప్రతి 16.7 మిల్లీసెకన్లకు, 30 హెర్ట్జ్ వద్ద ప్రతి 33.3 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మ మారుతుంది. అందుకే 30 హెర్ట్జ్‌లో మౌస్ బాణం గెంతుతున్నట్లు కనిపిస్తుంది.

2. ఒక ఉదాహరణ

మీరు 3840×2160 మానిటర్ కొని, పాత కంప్యూటర్‌కు హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో కలిపారనుకోండి. పెట్టెపై 60 హెర్ట్జ్ అని ఉంది. సెట్టింగ్స్‌లో మాత్రం 30 హెర్ట్జ్ ఒక్కటే కనిపిస్తోంది. మానిటర్ పాడైందని నిర్ణయించే ముందు ఈ లెక్క చూడండి.

కనిపించే పిక్సెళ్ళతో పాటు వాటి మధ్య విరామ కాలాన్ని కూడా కలిపితే ఒక ఫ్రేముకు 4400×2250, అంటే 99 లక్షల పిక్సెళ్ళు. 60 హెర్ట్జ్‌కు సెకనుకు 59.4 కోట్లు, అంటే 594 మెగాహెర్ట్జ్. హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్టు గరిష్ఠ పరిమితి 340 మెగాహెర్ట్జ్. 30 హెర్ట్జ్‌కు కావలసింది 297 కాబట్టి అది సరిపోతుంది. పూర్తి రంగులతో 60 హెర్ట్జ్ సరిపోదు. ఇక్కడ లోపం మానిటర్‌లోనూ లేదు, లినక్స్‌లోనూ లేదు. పోర్టు సామర్థ్యమే తక్కువ.

3. పరిశీలించవలసిన క్రమం

అ) సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే విభాగం తెరవండి. కావలసిన రేటు జాబితాలో ఉంటే ఎంచుకోండి. చాలాసార్లు సమస్య ఇక్కడే తీరుతుంది.

ఆ) జాబితాలో లేకపోతే కేబుల్, పోర్టు, మధ్యలో ఉన్న అడాప్టరు చూడండి. మానిటర్ సొంత మెనూలో పోర్టు పాత వెర్షన్‌కు అమర్చి ఉందేమో కూడా చూడండి.

ఇ) ఒకే ఒక రిజల్యూషన్, ఒకే రేటు కనిపిస్తుంటే గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగా లోడ్ కాలేదని అనుమానించండి. కెర్నెల్ ఆప్షన్లలో నోమోడ్‌సెట్ మిగిలిపోయినా ఇలాగే జరగవచ్చు.

ఈ) మీ సెషన్ ఎక్స్11 అయితే ఎక్స్‌ర్యాండ్‌ఆర్ ఆదేశం రేట్ల జాబితాను చూపుతుంది. నక్షత్రం గుర్తు ప్రస్తుత రేటును, ప్లస్ గుర్తు మానిటర్ కోరుకునే రేటును తెలుపుతాయి. వేలాండ్ సెషన్‌లో ఈ ఆదేశంతో రేటు మార్చబోకండి. డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌నే వాడండి.

4. జాగ్రత్త

జాబితాలో లేని రేటును ఎక్స్‌ర్యాండ్‌ఆర్‌తో చేర్చవచ్చు. కాని దానివల్ల పోర్టు సామర్థ్యం పెరగదు, తెర నల్లబడవచ్చు. అలా జరిగితే కంగారు పడకండి. ఈ ఆదేశంతో చేసిన మార్పు ఆ సెషన్‌కే పరిమితం కాబట్టి, కంప్యూటర్‌ను పునఃప్రారంభిస్తే పాత అమరిక తిరిగి వస్తుంది. పని సరిగా జరుగుతోందని రూఢి అయ్యేవరకు ఆ ఆదేశాన్ని స్టార్టప్ ఫైలులో రాయకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1920×1080 తెరకు విరామంతో కలిపి ఒక ఫ్రేము 2200×1125 పిక్సెళ్ళు. 120 హెర్ట్జ్‌కు పై పోర్టు సరిపోతుందా?

జవాబు: కావలసింది 297 మెగాహెర్ట్జ్, సరిపోతుంది.