గంట ఖరీదు 77 రూపాయలు

మచిలీపట్నం ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో 150 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. అప్పుడు నిర్ణయించిన ఫీజు కన్వీనర్ కోటా వాళ్లకు ఏడాదికి 15,000 రూపాయలు, బీ కేటగిరీకి 12 లక్షలు, ఎన్నారై కోటాకు 20 లక్షలు. ఇప్పుడు అక్కడి చిలకలపూడిలో నెలకు 4,000కు ఒక గది దొరికిందనుకుందాం. ఏడాదికి 48,000. కన్వీనర్ కోటా పిల్లాడికి అది ఫీజుకు మూడింతల పైమాటే. పక్క బెంచీలో కూర్చునే బీ కేటగిరీ పిల్లాడికి ఫీజులో 4 శాతం. అందుకే మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లల ఇళ్లలోనే అద్దె దగ్గర బేరం గట్టిగా నడుస్తుంది. తప్పేం లేదు గానీ, ఆ బేరంలో ఒక అంకె ఎవరికీ గుర్తు రాదు.

ఆ అంకె 39. జాతీయ వైద్య కమిషన్ పాఠ్య ప్రణాళికలో బోధనకు వారానికి 39 గంటలు, ఏడాదికి సుమారు 39 వారాలు లెక్క. గది నుంచి కాలేజీకి అరగంట పడితే రానూపోనూ రోజుకు గంట. వారానికి ఆరు రోజులు, 39 వారాలు: 234 గంటలు. దాన్ని 39తో భాగిస్తే సరిగ్గా ఆరు. ఏడాదిలో ఆరు వారాల చదువుకు సరిపడే కాలం రోడ్డు మీదే పోతుంది. విజయవాడలో ఇల్లుంది కదా, రోజూ వెళ్లొస్తాడులే అనే తల్లిదండ్రులూ ఉంటారు. డెబ్బై కిలోమీటర్ల దూరం. గడప నుంచి క్లాసు దాకా రెండు గంటలు వేసుకున్నా ఆరు వారాలు కాస్తా ఇరవై నాలుగవుతాయి. పైగా థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు, క్లినిక్స్‌కు 80 శాతం హాజరు ఉండాలి. బండి ఆలస్యమైందంటే వినేవాళ్లుండరు.

కాలేజీకి ఆనుకుని నెలకు 1,500 ఎక్కువ చెప్పే గది ఉందనుకోండి. ఏడాదికి 18,000. దాన్ని 234తో భాగిస్తే గంటకు 77 రూపాయలు. ఆటో ఖర్చు, పెట్రోలు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఎనాటమీ పరీక్ష ముందు గంట నిద్ర ఆ ధరకు దొరికితే చవకే అంటాను.

అయితే దేనికి దగ్గరగా ఉండాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. కాలేజీ కరగ్రహారంలో, బోధనాసుపత్రి బందరు (మచిలీపట్నం) ఊళ్లో. ఇలా కాలేజీ, ఆసుపత్రి రెండు చోట్ల ఉంటే వాటి మధ్య ప్రయాణం 30 నిమిషాలు మించరాదని 2023 నిబంధన. కట్టడాల మధ్య దూరానికి నిబంధన ఉంది, మన గది ఎక్కడుండాలో చెప్పే నిబంధన లేదు. మొదటి ఏడాదంతా ఎనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ కాబట్టి కాళ్లు కాలేజీ వైపే. రెండో ఏడాది నుంచి రోజుకు మూడు గంటల చొప్పున వారానికి 15 గంటలు వార్డుల్లో. అందుకే హాస్టల్ దొరికితే మొదటి ఏడాది అందులోనే సర్దుకుని, ఆ తర్వాత ఊరివైపు జరగడం నయం. నాలుగున్నరేళ్లకు ఒకే గది అని అడ్వాన్సు గుమ్మరించకండి.

చిలకలపూడి బందరులో కలిసిపోయిన పేట. రైల్వే స్టేషనుంది. 1929లో భక్త నరసింహం కట్టించిన పాండురంగస్వామి గుడి ఉంది. రోల్డ్ గోల్డ్ పని దేశమంతా ఎరిగినదే. గది చూసేటప్పుడు వెనక వాటాలో నగల పని జరుగుతోందా, పూత వేస్తారా అని అడగండి. కిటికీ తీసి వాసన చూస్తే ఇంకా మంచిది. కార్తీక పౌర్ణమికి పాండురంగడి ఉత్సవాలు, మంగినపూడి సముద్ర స్నానాలు కలిసి ఊరు కిక్కిరిసిపోతుంది. ఆ నాలుగైదు రోజులూ అరగంట దారి అరగంటలో అవదు. పోస్టింగుంటే నడిచి వెళ్లేంత దూరంలో స్నేహితుడి గది ఒకటి చూసి పెట్టుకోవాలి.

నీళ్ల సంగతి వేరే. సముద్రపు అంచు కావడంతో భూగర్భ జలం ఉప్పన. బోరు నీళ్లు స్నానానికి సరే, తాగడానికి టిన్ను కొనాల్సిందే. మునిసిపల్ కుళాయి ఉందా, ఎన్ని గంటలు వస్తుంది అని అద్దెకు ముందే అడగాలి. ఇక కింది వాటా చవక అని ఎగబడేముందు రెండు తేదీలు చూడండి. 1864 నవంబరు 1 ఉప్పెన బందరులో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమలో పోయినవాళ్లు పది వేలకు తక్కువ కాదు. ఇప్పుడు హెచ్చరికలు ముందే వస్తాయి, ప్రాణభయం అప్పటంత లేదు. పుస్తకాలు, ఎముకల సెట్టు, లాప్‌టాప్ మాత్రం మేడ మీదుంటేనే మేలు.

ఇంటర్న్‌షిప్‌కు వచ్చేసరికి లెక్క మారిపోతుంది. 2022లో 15 శాతం పెంచాక ఇంటర్న్ స్టైపెండ్ 22,527 రూపాయలైంది. 5,500 అద్దె అందులో పావు వంతు కూడా కాదు. ఇక చూడాల్సింది రాత్రి రెండింటికి క్యాజువాలిటీ నుంచి పిలుపొస్తే వీధి దీపాలున్న దారిలో ఎన్ని నిమిషాల్లో చేరగలమన్నదే. మొదటి బ్యాచ్‌కు ఆ రాత్రులు 2028లో మొదలవుతాయి. ఆసుపత్రి చుట్టూ గదులున్నవాళ్లు అద్దె పెంచడానికి అంతదాకా ఆగుతారని నేననుకోను.